తాడు మీద నాలుగోసారి

భూతం సినిమాలో భూతాన్ని సగం సినిమా అయ్యేదాకా చూపించకూడదని మా భాయ్ గట్టిగా నమ్మేవాడు. ముందే చూపించేస్తే ఆ డిస్కు మీద ఆయనకు గౌరవం పోయేది. "మొదట్లోనే మూతి చూపిచ్చేసినాడబ్బయ్యా. ఇంక నేనెందుకు కూసోవాల?" అని లేచిపోయి బకెట్లో నానేసిన బట్టలు ఉతుక్కునేవాడు.

భాయ్‌ది నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డు. నాది జగిత్యాల దగ్గర మెట్ట ఊరు. గల్ఫ్‌లోని ఫుజైరాలో ఒకే కంపెనీలో, ఒకే గదిలో, ఒకే ఇనుప మంచానికి కింద ఆయనా పైన నేనూ అయిదేళ్లు ఉన్నాం. వయసులో నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను ఫుజైరా వచ్చేదాకా సముద్రం చూడలేదు. మొదట కొండ క్వారీలో రాయి దుమ్ము మింగుతూ పనిచేశాను. దగ్గు పట్టుకుంటే అక్కడ మాని ఈ పడవ పనిలో చేరాను. దుమ్ము ఉండదని చేరాను గానీ సముద్రం మీద ప్రేమతో కాదు.

ఫుజైరా బయట సముద్రంలో ఎప్పుడు చూసినా ఓడలు లంగరు వేసి నిలబడి ఉంటాయి. నూనె పోయించుకోవడానికి వచ్చినవి కొన్ని, ఎటు పొమ్మంటారో అని ఎదురుచూసేవి కొన్ని. అలా వారాల తరబడి నిలబడ్డ ఓడ అడుగున నాచూ గుల్లలూ పెరుగుతాయి. నీళ్లలోకి దిగి వాటిని గీకడం మా కంపెనీ పని. భాయ్ డైవరు. ఆయన తాడు పట్టుకునేవాణ్ణి నేను.

తాడు పట్టుకోవడం అంటే అదేం పని అని ఇంట్లో వాళ్లు ఫోన్లో నవ్వేవారు. కిందికి దిగిన మనిషికి పడవ మీది కంప్రెసర్ నుంచి పసుప్పచ్చ గొట్టంలో గాలి వెళ్తుంది. ఆ గొట్టానికి జతగా ఒక తాడు. ఒక కొస ఆయన నడుముకు, రెండో కొస నా చేతిలో. నీళ్లలో ఉన్న మనిషితో మాట్లాడే యంత్రాలు పెద్ద కంపెనీలకు ఉండేవి. మాకు తాడే నోరు, తాడే చెవి. ఒకసారి కుదిపితే బాగున్నానని. రెండుసార్లయితే తాడు ఇంకొంచెం వదలమని. మూడుసార్లయితే లాగేయమని, ఆలస్యం చేయొద్దని. ఇంతకు మించి మాకు భాష లేదు.

పెద్ద ట్యాంకరు అడుగు పళ్లెంలా చదునుగా ఉంటుంది. దాని కింద ఉన్న మనిషి పైకి వద్దామనుకుంటే పైన ఇనుమే తగులుతుంది. పక్కకు ఈదుకుంటూ అంచు దాకా వచ్చాకే పైకి దారి. ఆ అంచు ఎటుందో తాడు చెబుతుంది. భాయ్ ఈ సంగతి నాకు మొదటి రోజే చెప్పాడు.

ఇక సినిమాల సంగతి. మాకు శుక్రవారం సెలవు. భాయ్ జుమ్మా నమాజుకు వెళ్లివచ్చి, అందరం కలిసి తిని, కిటికీకి కంబళి కట్టి గది చీకటి చేసేవాళ్లం. బయట ఎండ ఫెళ్లున కాస్తుండేది. లోపల ఏసీ గురగురమంటుంటే పదిమందిమి మంచాల మీదా నేల మీదా కూర్చునేవాళ్లం. సంచిలో డిస్కులు వేసుకుని పనివాళ్ల క్యాంపులు తిరిగే మనిషి ఒకడుండేవాడు. మా గది తలుపు కొట్టి వేరే మాట లేకుండా "సముందర్‌వాలా?" అనేవాడు. ఒక్క డిస్కులో ఎనిమిది సినిమాలు. ఎనిమిదింటిలోనూ సముద్రం, అందులో ఏదో ఒకటి.

ఆ సినిమాలన్నీ ఇంగ్లీషువి. మాలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. అందుకని మా క్యాంపులో ఇంగ్లీషు సినిమాకి ఒక కథ చెప్పే మనిషి ఉండాలి. బొమ్మ నడుస్తుంటే పక్కన కూర్చుని వాడేమన్నాడు, ఆమె ఏమంది అని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పాలి. మా గదికి ఆ మనిషిని నేను. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పాను. అయితే మా పదిమందిలో ఆ పేపరు రాసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఉద్యోగం నాకే వచ్చింది. సిగ్గు లేకుండా చెప్పాలంటే పది మాటల్లో ఒకటి అర్థమైతే తొమ్మిది కల్పించేవాణ్ణి. గుక్క తిప్పుకోకుండా చెబితే ఎవరూ అనుమానించరు.

భాయ్‌కి ఈ సినిమాలంటే ఎందుకంత పిచ్చి అని నేను చాలాసార్లు ఆలోచించాను. వారమంతా నీళ్లకింద ఉండే మనిషి సెలవు రోజు కూడా నీళ్లకిందికే వెళ్తాడా అని గదిలో అందరూ ఏడిపించేవారు. వేరే డైవర్లు చాలామంది ఆ డిస్కుల జోలికే వచ్చేవాళ్లు కాదు. భాయ్ మాత్రం వాటిని జాతులవారీగా చెప్పేవాడు. చేతులు చాచేవి ఒక జాతి, నోరు తెరిచేవి ఒక జాతి, కనపడకుండా మనిషిలోకి దూరేవి ఇంకో జాతి. ఏది రబ్బరు బొమ్మో, ఏది కంప్యూటరు బొమ్మో క్షణంలో పట్టేసేవాడు. రబ్బరువే నయమనేవాడు, నీళ్లలో వాటికి బరువుంటుందట. దీపం పట్టుకుని ఒంటరిగా వెనక్కి నడిచేవాణ్ణి చూసి, "ఈడు పొయ్యినాడు" అని ముందే చెప్పి, వాడు పోగానే తృప్తిగా టీ తాగేవాడు.

ఒకసారి అడిగేశాను. "భాయ్, నీకు బుగులు కాదా? రేపు మళ్ల దిగాలె గదా నీళ్లల్లకు."

ఆయన చెప్పాడు. "సినిమాలో అయితే ఆఖరికన్నా కనపడతాది గదబ్బయ్యా. ఇదేరా నాయనా అని తెలుస్తాది. కింద ఆ ఇనుము కింద నాకేదీ కనపడదు. వీపు వెనకాల ఏదో ఉన్నట్టే ఉంటాది. తిరిగి చూస్తే ఉండదు. పదకొండేళ్లుగా ఉండదు. అది ఒక్కసారి కనపడితే బాగుండనిపిస్తాది."

తర్వాత నేను తాడు పట్టుకున్నప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చేది. గుర్తొస్తే తాడు ఇంకొంచెం బిగించి పట్టుకునేవాణ్ణి.

ఆ సినిమా మా గదికి ఎప్పుడొచ్చిందో గుర్తులేదు గానీ, వచ్చాక మరి పోలేదు. చలిదేశపు సముద్రంలో మునిగిన ఓడను పైకి తీయడానికి ఒక పడవ వస్తుంది. తాడు కట్టుకుని ఒక డైవరు దిగుతాడు. చాలాసేపటికి తాడు కుదుపుతుంది. పడవ మీద వాళ్లు లాగబోతే, గడ్డం ముసలివాడు ఒకడు వాళ్ల చేతులు పట్టుకుని ఆపి ఏదేదో చెబుతాడు. రెండు నిమిషాలు చెబుతాడు. అందులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గదిలో అందరూ నా మొహం చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి.

"ఏమంటుండంటే," అని మొదలుపెట్టాను. "లాగకుండ్రి అంటుండు. గుంజేటిది మనిషి కాదంట. కిందున్నది మన లెక్క గుంజుడు నేర్చుకున్నదంట. కానీ దానికి లెక్క రాదు. మనిషి మూడుసార్లు గుంజుతడు. అది మూడుసార్లు గుంజి, కొంచెం ఆగి, ఇంకొక్కసారి మెల్లగ గుంజుతది. గా నాలుగోది మనిషిది కాదు."

తెర మీద తాడు నీళ్లలోకి జారిపోతోంది. భాయ్ టీ గ్లాసు కింద పెట్టి, రిమోటు తీసుకుని, ఆ ముక్క మళ్లీ వెనక్కి తిప్పాడు. "మళ్లా చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఆ శుక్రవారం నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. ఇంత మంచి మాట ఏ సినిమాలోనూ లేదన్నాడు. నాకు ఒళ్లు ఉబ్బింది, అది దాచను. జీవితంలో నేను చెప్పిన మాటని ఒక మనిషి అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

మరుసటి రోజు పొద్దున ఓడ పక్కన పడవ కట్టి భాయ్ దిగాడు. గంట గడిచింది. నా చేతిలో తాడు కుదిపింది. గబగబా మూడు. లాగడానికి కాలు తన్నిపెట్టాను. అంతలో, కొంచెం ఆగి, మెల్లగా, ఇంకొక్కటి.

నా వీపు మీద నీళ్లు పోసినట్టయింది. చచ్చీచెడీ లాగితే భాయ్ పైకొచ్చి, ముసుగు తీసి, పడవ అంచు పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వాడు. "లెక్క రాదబ్బయ్యా నాకు" అన్నాడు. నేను బూతు తిట్టాను. అయిదు నిమిషాలకు నాకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత అది మాకు పలకరింపు అయిపోయింది. కింద విసుగు పుట్టినప్పుడు ఆయన మూడు కుదిపి, ఆగి, నాలుగోది మెల్లగా కుదిపేవాడు. నేను పైనుంచి అచ్చం అలాగే నాలుగు తిప్పి కొట్టేవాణ్ణి. ఆయన ఒక్కటి కుదిపేవాడు, బాగున్నానని. నీళ్లకింద ఒక మనిషి నవ్వుతున్నాడని చేతికి తెలిసేది. పడవ నడిపే సారంగు, మలబారు ముసలాయన, ఒకరోజు ఇది కనిపెట్టాడు. "రస్సీ పే మజాక్ నై," అన్నాడు. తాడులో ప్రాణం ఉంటుందని, దానితో ఆటలొద్దని కోప్పడ్డాడు. మేం తలాడించాం, మానలేదు. రెండేళ్లు ఆడాం.

రెండువేల ఎనిమిదిలో ఎండలు తగ్గుతున్న రోజుల్లో సముద్రం రంగు మారింది. ముందు టీ డికాక్షన్‌లా, తర్వాత తుప్పులా ఎర్రగా అయింది. ఒడ్డున చేపలు కుప్పలుగా చచ్చి పడ్డాయి. వాసనకు ముక్కుకు గుడ్డ కట్టుకుని పడవ ఎక్కేవాళ్లం. నీళ్లలో ఏదో కంటికి కనపడనంత చిన్న నాచు పెరిగిందని ఆఫీసులో అన్నారు. కొన్నాళ్లు పని ఆపి, కొంచెం తేటపడిందని మళ్లీ మొదలుపెట్టారు. భాయ్ మొదటిసారి దిగి వచ్చి, చెయ్యి మొహం దగ్గర పెట్టుకున్నా కనపడలేదని చెప్పాడు. "ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఒకటే, తెరిచినా ఒకటే" అన్నాడు. ఆరోజు ఆయన నవ్వలేదు.

అప్పటిదాకా నాకు తాడుతో పాటు బుడగలు కూడా కనిపించేవి. బుడగలు ఎక్కడ లేస్తే మనిషి అక్కడున్నట్టు. ఎర్ర నీళ్ల మీద నురగ కట్టి బుడగలు తెలియకుండా పోయాయి. చేతిలో తాడు ఒక్కటే మిగిలింది.

ఆ ఓడ నల్లటిది, చాలా పాతది. పొద్దున తొమ్మిదింటికి భాయ్ దాని కిందికి వెళ్లాడు. చచ్చిన చేప ఒకటి మా పడవకు తగిలి తిరుగుతూ, తిరుగుతూ అక్కడే ఉంది. దాన్ని కర్రతో తోసేస్తే మళ్లీ వచ్చింది. నేను దాన్నే చూస్తున్నాను.

తాడు కుదిపింది. గబగబా మూడు. కొంచెం ఆగి, మెల్లగా, నాలుగోది.

అన్ని రోజుల తర్వాత భాయ్ మళ్లీ ఆటకు వచ్చాడని నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం నాకింకా గుర్తుంది, దాన్నే మర్చిపోలేను. నవ్వుకుంటూ నాలుగు తిప్పి కొట్టాను. ఆయన ఒక్కటి కుదుపుతాడని చేయి వదులుగా పెట్టి కూర్చున్నాను.

ఆ ఒక్కటి రాలేదు. తాడు చేతిలో ఊరికే ఉంది. నేను ఒకటి కుదిపి చూశాను. అవతల్నుంచి ఏమీ లేదు. మళ్లీ కుదిపాను. అప్పుడు సారంగు వెనక్కి తిరిగి కంప్రెసర్ వైపు చూశాడు. దాని చప్పుడు మారింది, గాలి ముందుకు పోక పక్కనుంచి బుస్సుమంటోంది. "ఖీంచో," అని ఆయన అరిచేసరికి నేను లేచి లాగుతున్నాను. తాడు రాలేదు. కొండకు కట్టినట్టు ఉంది. ఇద్దరం కలిసి లాగాం. ఎంతసేపన్నది నాకు తెలియదు. నాకు గంట అనిపించింది, నిమిషం కూడా కాలేదని సారంగు తర్వాత చెప్పాడు. ఉన్నట్టుండి తాడు వదులై మేమిద్దరం వెల్లకిలా పడ్డాం. మళ్లీ లేచి లాగితే బరువు తగిలింది.

ఎర్ర నీళ్లలోంచి ముసుగు పైకి తేలింది. అద్దం లోపల మొహం కనపడలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన వచ్చింది ఎవరోనని భయపడి చేయి వెనక్కి తీసుకున్నాను. సారంగే వంగి పట్టుకున్నాడు. ముసుగు తీస్తే భాయే. మొహం నీలంగా ఉంది, ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది. ఊపిరి ఉంది.

ఓడ పొట్టకు పక్కన, అడుగు అంచు దగ్గర, రెక్కలా ఒక ఇనుప రేకు ఉంటుంది. పాత ఓడ కదా, దాని అంచు ఒకచోట చినిగి పైకి లేచి ఉంది. గొట్టమూ తాడూ దాంట్లో ఇరుక్కుని, గొట్టం మడతపడి గాలి ఆగిపోయిందని తేల్చారు. భాయ్ మడత విప్పుకుని, నడుముకున్న బరువు వదిలేసి, ఒక్కసారిగా పైకి వచ్చేశాడు. అలా రావడంలో చెవి పోయింది. ఆఫీసు నుంచి ముదీర్, అంటే మా మేనేజరు, ఆసుపత్రికి వచ్చి అడిగితే, "తాడు ఇనుముకు పట్టుకునింది సార్, ఎవరి తప్పూ లేదు" అని చెప్పాడట. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మూడో రోజు నేనొక్కణ్ణే వెళ్లాను. సంత్రాలు తీసుకెళ్లి మంచం పక్కన పెట్టి, చాలాసేపు వాటినే సర్దుతూ కూర్చున్నాను. ఆఖరికి కుడి చెవి వైపు వెళ్లి చెప్పాను.

"నాలుగచ్చినయ్ భాయ్. ఆట అనుకున్న. అందుకే గుంజలే."

ఆయన పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "నేను మూడే లాగినా."

"నాలుగచ్చినయ్. నాలుగోది మెల్లగ."

"మూడు లాగినాక తాడు వదిలేసినానబ్బయ్యా. రెండు చేతులూ గొట్టం మీదనే ఉండాయి, మడత విప్పేదానికి."

నర్సు వచ్చి టైమైందని చెప్పింది. తాడు రేకు అంచుకు రాసుకుని ఉంటుందని, నీటి వాలుకు కదిలి ఉంటుందని తర్వాత సారంగు అన్నాడు. అలాగే అయ్యుంటుంది. కానీ ఇనుముకు రాసుకున్న తాడు నా చేతికి ఎలా తగులుతుందో నాకు బాగా తెలుసు. అది గరగరమంటుంది. నాలుగోది అలా లేదు. ఒక చేయి నా చేతిని పట్టుకుని, నన్ను చూసి నేర్చుకుంటున్నట్టు ఉంది.

ఇక నీళ్లలోకి దిగకూడదని డాక్టరు రాసిచ్చాడు. కంపెనీ భాయ్‌ను ఇంటికి పంపడానికి టికెట్టు తీసింది. ప్రయాణం ఆదివారం. అంతకు ముందు శుక్రవారం జుమ్మా నుంచి వచ్చి, తిని, ఎప్పటిలాగే కిటికీకి కంబళి తనే కట్టాడు. ఆ డిస్కే పెట్టాడు. గదిలో ఎవరూ వద్దనలేదు, ఎవరికీ నా సంగతి తెలియదు. నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. డైవరు దిగాడు. తాడు కుదిపింది. గడ్డం ముసలివాడు చేతులు పట్టుకున్నాడు. నేను అక్కడ ఆగిపోయాను.

అందరూ నా వైపు చూస్తున్నారు. ముసలివాడు తెర మీద ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉన్నాడు. అప్పుడు నా పక్కనుంచి భాయ్ గొంతు వినిపించింది.

"ఏమంటా ఉండాడంటే," అన్నాడు. చెవి పోయాక ఆయన గొంతు కొంచెం పెద్దదైంది. "ఇన్నాళ్లూ మనం తప్పనుకున్నామంట. లెక్క రానిది దానికి కాదు. భయపడ్డ మనిషికి లెక్క తప్పతాది. మూడు లాగినాననుకొని నాలుగు లాగేస్తాడు, ఆడికే తెలీదు. దానికి భయమేముంది? అది సరిగ్గా మూడే లాగతాది. పైనున్నోడిది తప్పు కాదంట."

గదిలో ఒకడు "అబ్బా, ఇది ఇంకా బాగుంది భాయ్" అన్నాడు. భాయ్ టీ తాగాడు. నేను మొహం కంబళి వైపు తిప్పుకుని ఏడ్చాను. సినిమా చప్పుడులో ఎవరికీ తెలియలేదు.

సినిమా అయ్యాక బయట గోడ నీడలో నిలబడి, "ఆ గడ్డపోడు నిజంగా ఏమంటాడో నీకూ తెలీదు గదా?" అని అడిగాడు.

"ఎర్కలే భాయ్. మొదటి నుంచి కల్పించిందే."

"నాకు మొదట్నుంచీ తెలుసులే. ఇంగ్లీషోడు అంత బాగా చెప్పడు."

నేను అడగవలసింది అడిగాను. "భాయ్, నిజంగ నువ్వే నాలుగు గుంజినవా?"

ఆయన కొండల వైపు చూస్తున్నాడు. అప్పుడు నా వైపు ఉన్నది ఆయన ఎడమ చెవి. వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో నాకు తెలియదు. కుడివైపుకు వెళ్లి మళ్లీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆదివారం పొద్దున కంపెనీ బండి ఎక్కి వెళ్లిపోయాడు.

నేను ఇంకో ఏడాది తాడు పట్టుకున్నాను, కొత్త డైవరుకి. ఆ ఏడాది కుదుపులు లెక్కపెట్టలేదు. ఒక్కటి కుదిపినా లాగేసేవాణ్ణి. పని చెడిపోతోందని కొత్తాయన రోజూ తిట్టేవాడు. తిట్టనిచ్చేవాణ్ణి. ఆయన పైకొచ్చి, ముసుగు తీసి, ఆయనే అని చూసుకున్నాకే తాడు చేతిలోంచి వదిలేవాణ్ణి.